షూషా: ఒక చిత్రవిమర్శ

రోమునగర వీథులలో అమెరికను సైనికుల పాదరక్షలకు మెఱుగుపెట్టి పొట్టపోసికొను బాలుర నోట "షూషైను" అను ఇంగ్లీషు మాట చెడి "షూషా" యైనది. విత్తోరియో డి సీకా 1946లో వెలువరించిన తన చిత్రమునకు ఆ పేరే పెట్టెను. ఆయన 1948 నాటి "సైకిలు దొంగలు" ఎఱిగినవారు మనలో కొందఱు గలరు; దీనిని చూచినవారు అరుదు. 1948లో అమెరికా చలనచిత్ర అకాడమీ దీనికి ప్రత్యేక పురస్కార మొసగెను. స్వదేశమున మాత్రము డబ్బు రాలేదు.

కథ స్వల్పము. పాస్క్వాలె, జుసెప్పె అను ఇరువురు మిత్రులు ఒక గుఱ్ఱమును కొనవలెనని లీరాలు కూడబెట్టుచుందురు. జుసెప్పె అన్నగారు పన్నిన దొంగకంబళ్ల వ్యవహారములో చిక్కుకొందురు. గుఱ్ఱము చేతికి వచ్చును. వారు బాలనేరస్థుల చెఱసాలకు పోవుదురు.

అచ్చటి యొక ఘట్టము నన్ను నిద్రపోనీయలేదు. నిజము రాబట్టుటకై అధికారులు జుసెప్పెను బెల్టుతో కొట్టుచున్నట్లు పాస్క్వాలెకు వినిపింతురు. దెబ్బలు పడునది సంచిపై. ఏడ్పు మఱియొక బాలునిది. మిత్రుని బాధ సహింపలేక పాస్క్వాలె ఆ అన్నగారి పేరు చెప్పివేయును. ప్రేమచేతనే ద్రోహము జరిగినది. జుసెప్పెకు తెలిసినది ద్రోహము మాత్రమే.

ఇరువదియేండ్లుగా బడిలో పాఠములు చెప్పుచున్న నాకు ఈ యుపాయము క్రొత్తది కాదు. "నీ నేస్తగాడు అంతయు చెప్పివేసినాడు, ఇక దాచి లాభమేమిరా?" అని నేనును ఒక పిల్లవానిని అడిగితిని. ఆ నేస్తగాడు నాకేమియు చెప్పియుండలేదు. కిటికీయద్దము పగులగొట్టినవాడెవడో తెలిసినది. ఆ యిరువురును అటుపిమ్మట ఒక బల్లపై కూర్చుండగా నేను చూడలేదు. ఇది నా నేరమని ఈ చిత్రము చూచువరకు నాకు తోపలేదు.

డి సీకా ఇందెవ్వరిని రాక్షసులుగా చిత్రింపలేదు. నేరమంతయు పాస్క్వాలెపై త్రోయుమని బోధించు న్యాయవాది సయితము తన వృత్తిధర్మమునే నెఱవేర్చుచున్నాడు! బాలపాత్రధారు లిరువురును అంతకుముందు తెఱపై నటించి యెఱుగరు. అందుచేతనే కాబోలు, వారి మౌనము మాటలకన్న బలముగా నున్నది. చెఱసాలలో సినిమా చూపుచుండగా నిప్పంటుకొనుట, ఆ తొక్కిడిలో రోగియగు బాలుడు చనిపోవుట మాత్రము కన్నీటికై కూర్చినట్లున్నవి.

కడపట వంతెనపై పాస్క్వాలె బెల్టు ఊడదీసి మిత్రుని కొట్టును. జుసెప్పె క్రింది ఱాళ్లపై బడి మరణించును. రంగమున వధ చూపరాదని మన దశరూపకకారుడు నిషేధించెను. నాకు ఆ మరణముకన్న బెల్టే భయంకరముగా దోచినది. నాడు సంచిపై బడిన దెబ్బలు నేడు నిజముగనే జుసెప్పెపై బడుచున్నవి. గుఱ్ఱము ఎవ్వరికొఱకును నిలువక చీకటిలోనికి నడచిపోవును.