ముఖం చూడని ప్రేమ

మొన్న ఆదివారం మా అక్క కూతురు మేడిపల్లిలో మా ఇంటికొచ్చింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది. ఏమిటే అంటే, "అబ్బాయివాళ్ళకి నా ఫోటో నచ్చిందట పిన్నీ!" అంది. నచ్చితే మంచిదేగా అన్నాను. "నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే?" అంది. జవాబు తోచలేదు. కాస్త నవ్వుతుందని యూట్యూబ్‌లో "శ్రీవారికి ప్రేమలేఖ" పెట్టాను.

1984లో జంధ్యాలగారు తీసిన ఈ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. పొత్తూరి విజయలక్ష్మిగారి "ప్రేమలేఖ" నవల దీనికి ఆధారం. ఇన్నాళ్ళూ నేను దీన్ని నవ్వుల సినిమాగానే చూశాను. సినిమా కథని టైటిల్స్ దగ్గర్నుంచీ అప్పజెప్పే శ్రీలక్ష్మి వస్తే చాలు, పొయ్యిమీద కూర మాడుతున్నా కదిలేదాన్ని కాదు. ఈసారి పక్కన ఆ పిల్ల ఉండడంవల్లనో ఏమో, వేరే సంగతి కనిపించింది.

మన ప్రేమ సినిమాల్లో మామూలుగా అబ్బాయి అమ్మాయిని చూస్తాడు, వెంటపడతాడు, ఆమె విసుక్కుని విసుక్కుని చివరికి మెత్తబడుతుంది. ఇక్కడ మొదటి అడుగు అమ్మాయిది. ఊహలోని భర్తకి పూర్ణిమ ఉత్తరం రాస్తే, అది నరేష్ చేతికి చేరుతుంది. ఆమె రంగేమిటో, పొడుగెంతో, కట్నమెంత తెస్తుందో అతనికి తెలీదు. తెలిసిందల్లా ఆమె రాసిన మాటలు. ఆ మాటల మనిషి కోసం వెతుక్కుంటాడు. వేటూరి, రమేష్ నాయుడు కలిసి ఆ ఉత్తరాన్నే పాట చేస్తే, జానకిగారి గొంతులో అది సిగ్గూ, చనువూ కలిసిన కబురులా వినిపిస్తుంది. ఆడపిల్ల కోరిక నోరు విప్పి చెప్పుకుంటే వెకిలిగా ఉండనక్కర్లేదని అప్పుడే తెలిసింది నాకు.

హాస్యమూ అంతే. సుత్తి వీరభద్రరావు అరిచినా, కోప్పడినా ఇంట్లో వినే మాటలే. కాకపోతే ఓ మెలిక తిరిగి వస్తాయి. పిల్లల ముందు ఛానల్ మార్చాల్సిన అవసరం రాదు.

ఏమాటకామాటే చెప్పాలి. అమ్మాయి చేతికి కలమిచ్చిన కథ, తర్వాత వెతుకులాటంతా అబ్బాయికి అప్పగించేసింది. ఆమె ఇంకో ఉత్తరం రాస్తే బాగుండునని నాకు అనిపించింది. మావారు మాత్రం, "అప్పుడు సినిమా అరగంటలో అయిపోతుంది" అన్నారు.

మా పిల్ల ఏమీ అనలేదు. ఉప్పల్ బస్సెక్కబోతూ, "పిన్నీ, ఆ అబ్బాయి నంబరు అమ్మనడిగి పంపిస్తావా?" అంది.