శివయ్య సైమన్ అయ్యాక ఎల్లన్న ఏమయ్యాడు?

చర్చిలో సాక్ష్యం చెప్పే మాటలకి ఒక అచ్చు ఉంటుంది. ముందు చీకటి, మధ్యలో ప్రభువు, ఆ తర్వాత వెలుగు. మా అచ్యుతాపురంలో సెజ్ కంపెనీల్లో షిఫ్టులు చేసి, ఆదివారం మైకు పట్టుకునేవాళ్ళూ ఇలాగే చెప్తారు. దేవుడి పెద్ద కథలో నాకూ చోటు దొరికింది అని చెప్పుకోవడం అది. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ చీకటి అన్న ఒక్క మాటలో తాతలు, ముత్తాతలు, వాళ్ళ పాటలు, అన్నీ మునిగిపోతాయి. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఈ బేరానికి ఒప్పుకోదు. నాకది ముఖ్యమైన నవల అయింది అందుకే.

రూతు తన భర్త రూబేను జ్ఞాపకాల్ని తలుచుకుంటూ ఉంటే కథ వెనక్కి నడుస్తుంది. ఎన్నెలదిన్ని మాలపల్లిలో ఎల్లన్న. పాటలు కట్టేవాడు, ఆడేవాడు. బాప్తిస్మం ఎరగనివాడు. సాక్ష్యం లెక్కలో ఇతను చీకటిలోకి రావాలి. నవల మాత్రం తన వెలుగులో ఎక్కువ భాగం ఇతని మీదే వేసింది.

ఎల్లన్న కొడుకు శివయ్య. కరువులో భార్య శశిరేఖతో బకింగ్‌హాం కాలువ పనికి పోతే కులం అక్కడా తరిమింది. మిషను నీడకి చేరి సైమన్ అయ్యాడు. ఇక్కడ చరిత్రని పక్కన పెట్టుకుని చదవాలి. 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి పని ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మిషన్ చరిత్రలో అదొక ఘనమైన అంకె. అంకెకి అమ్మానాన్నలుండరు. నవల ఆ అంకె వెనకాల ఉన్నలాంటి ఒక మనిషిని తీసి, వీడు ఎల్లన్న కొడుకు అంటుంది.

పేర్లు చూడండి. బైబిల్లో రూతు పరాయి జాతి ఆడమనిషి, మోయాబీయురాలు. అయినా యేసు వంశావళిలో చోటు దొరికింది. ఆమె మనవడు యెష్షయి, అంటే జెస్సీ. నవల్లోనూ రూతు మనవడు జెస్సీయే. మత్తయి సువార్త మొదటి అధ్యాయం పేర్ల జాబితా అని మనం గబగబా దాటేస్తాం కదా. ఈ నవల ఆ జాబితాని ఎన్నెలదిన్ని నుంచి మొదలెట్టి మళ్ళీ రాస్తుంది. ఎల్లన్న అందులో ముందుమాట కాడు, మొదటి పేరు.

చివరి భాగంతోనే నాకు పేచీ. కథ విప్లవోద్యమంలోకి మళ్ళాక నడక మారిపోతుంది. కళ్యాణరావు విరసం మనిషి, ఆయన అటు వెళ్ళడం ఆశ్చర్యం కాదు. కానీ ఎల్లన్న పాడుతుంటే దగ్గర కూర్చుని విన్నట్టుంటుంది. జెస్సీ తరం గురించి ఎవరో చెప్తే విన్నట్టుంటుంది. ఒక పెద్ద కథ మనుషుల్ని మింగకుండా కాపాడిన రచయిత, తను నమ్మిన ఇంకో పెద్ద కథ దగ్గర అంత జాగ్రత్తగా లేడు.

అయినా చదవాలి, ముఖ్యంగా మా సంఘాల్లో. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ తలుపు తెరిచారు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైతే బీసీ-సి. అందుకే చాలా ఇళ్ళల్లో ఒకే మనిషికి సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. శివయ్యా సైమనూ ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరు పలక్కుండా.