డే ప్రశ్నలు, సుగుణన్ లెక్కలు

పల్నాడులో మా బొల్లాపల్లి వైపు ఏడాది పొడవునా పారే నది లేదు. ఉన్నవి వాగులు, చెరువులు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వినుకొండ పక్కగా సాగి నేరుగా సముద్రంలో కలుస్తుంది. నాగులేరు కారంపూడి, దాచేపల్లి మీదుగా కృష్ణను చేరుతుంది. ఇలాంటి నీళ్లలో ఏది దేన్ని తిని బతుకుతుందో, ఆ వరస ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికి నేను రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటాను. ఒకటి 1873 నాటిది, రెండోది 1995 నాటిది.

మొదటిది మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే రాసిన మంచినీటి చేపల నివేదిక. అడ్డుకట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతోందేమో చూడమని ప్రభుత్వాన్ని కదిపినవాడు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటనే. కట్టిన చేయే ఆ సందేహం లేవనెత్తడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. ఆ పని మీద బయల్దేరిన డే దేశమంతా తిరిగాడు. కలెక్టర్లకూ తహసీల్దార్లకూ ప్రశ్నలు పంపాడు. సంతకు చాలినంత చేప వస్తోందా? వల కన్ను ఎంత సన్నం? పిల్లచేపల్ని పడుతున్నారా? అప్పుడు మన వినుకొండ తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా విడిపోయింది 1904లో.

ఈ నివేదిక బలమంతా వినడంలో ఉంది. ఏ వలకు ఏ ఊళ్లో ఏ పేరో కూడా రాసుకున్నాడు. కానీ చేప తగ్గిందంటే అతని చూపు ముందుగా పట్టేవాడి మీదికే పోతుంది. ఊళ్ల పాత కట్టుబాట్లు పోయి ఏరు అందరిదీ కావడమే చేటు తెచ్చిందని తన ప్రభుత్వాన్ని కూడా తప్పుపట్టాడు, అది నిజాయితీ. 1897 నాటి చట్టం ఏటిలో డైనమైట్‌నూ విషాన్నీ నిషేధించడం వెనుక ఈ కృషి ఉంది. అయితే పిల్లచేప పెరగాలంటే ముందు దానికి తిండి పెరగాలన్న ఆలోచన ఇందులో దాదాపు లేదు. జీవావరణ శాస్త్రజ్ఞుడు ఎల్టన్ ఆహారపు గొలుసును వివరించింది 1927లో గనుక ఆ లోటుకు డేను నిందించలేం.

వి.వి. సుగుణన్ పుస్తకం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థలో అప్పట్లో శాస్త్రజ్ఞుడాయన. భారత జలాశయాల మీద రాసిన ఈ గ్రంథాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అచ్చువేసింది. ముందు నీరు, ఎండ, తర్వాత తేలే నాచు, దాన్ని మేసే సూక్ష్మజీవులు, అడుగున పురుగులు, నత్తలు, చివరికి చేప. 28,474 హెక్టార్ల నాగార్జునసాగర్‌ను కూడా ఆయన ఈ వరసలోనే పరిశీలించాడు. దేశం మొత్తం మీద ఆయన తేల్చిన లెక్క చూడండి: చిన్న జలాశయాల్లో హెక్టారుకు సుమారు 50 కిలోల చేప, పెద్దవాటిలో 11 కిలోలు. లోతు నీటి అడుగుకు ఎండ చేరదు. పలుచని నీళ్లలో నాచు పడుతుంది, తిండి పుడుతుంది. మా మెట్ట ఊళ్ల చెరువుల విలువ ఈ అంకెలు చదివాకే నాకు అర్థమైంది. గంగ నుంచి తెచ్చిన శీలావతి పిల్లల్ని వదిలి చేతులు దులుపుకుంటే చాలదనీ, ఆ నీళ్లలో వాటికి తగిన మేత ఉందో లేదో చూడాలనీ ఈ పుస్తకం నేర్పుతుంది. డేకు దొరకని లోతు ఇది. కానీ డే చెవిన పడిన మనుషులు ఇందులో దిగుబడి అంకెలైపోయారు.

ఇద్దరిలోనూ మా వాగుకు చోటు తక్కువే. వానలకు అది అడవి ఆకులు మోసుకొస్తుంది. కుళ్లిన ఆకును పురుగు తింటుంది, పురుగును పరిగె, పరిగెను వాలుగ. ఎండలు ముదిరితే ఇదంతా ఒక మడుగులోకి కుదించుకుపోతుంది. కొంగలూ లకుముకి పిట్టలూ వచ్చి వాలతాయి. గాలి పీల్చగల కొరమీను బురదలోనూ నిలుస్తుంది, పరిగెలు తేలిపోతాయి. ఏటేటా ఈ మడుగుల్ని చూసి రాసిపెట్టుకోవాలంటే నేను డే ప్రశ్నల కాగితమే తీసుకుంటాను. అందులో సుగుణన్ అడిగినవి రాస్తాను. అవి తహసీల్దారుకు పంపను. చేప కడుపు కోసి లోపల ఏముందో చూడటం ప్రయోగశాలలో పెద్ద పరీక్ష. ఇక్కడ కత్తిపీట ముందు బూడిదతో చేపలు తోమే ఆడవాళ్లు దాన్ని ఎన్నో ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు. కొరమీను పొట్టలో ఈ ఏడు పరిగె కనిపించిందా, వట్టి పురుగులేనా అని వాళ్లను ఎవరూ అడగలేదు.