ఆటలో వస్తువు ఎక్కడుంది?

ఈ మధ్య జరిగిన ఒక సాహిత్య సభలో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "కథ మీద రాస్తావు, కవిత్వం మీద రాస్తావు, సరే. వీడియో గేముల మీద విమర్శ ఏమిటయ్యా? రేపు గోలీలాట మీద కూడా సమీక్ష రాస్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతిలో కథల పుస్తకం తెరిచే పిల్లలు నలుగురో ఐదుగురో ఉంటారు. ఫోనులో ఆట ఆడని పిల్లవాడు ఒక్కడూ లేడు. వాళ్ళ ఊహల్ని తీర్చిదిద్దుతున్న దాని గురించి మనం మాట్లాడకపోతే, దాన్ని అమ్ముకునేవాళ్ళే మాట్లాడతారు. అప్పుడు ప్రకటనే విమర్శగా చెలామణి అవుతుంది.

వస్తువు, శిల్పం అని విడదీసి చూడటం మనకు అలవాటు. ఈ కొలబద్దను ఆటకు యథాతథంగా అన్వయిస్తే దారి తప్పుతాం. ఆటలో కథ ఉంటుంది, సంభాషణలుంటాయి, దృశ్యాలుంటాయి. వీటన్నిటితో పాటు ఆడేవాడి చేతికి ఒక పని అప్పగించబడుతుంది. వేసవి సెలవుల్లో ఈ ఆటలు నాకు నేర్పిన మా మేనల్లుడు మొదటి రోజే అన్నాడు: "మామయ్యా, నువ్వు కథ చదువుతున్నావు, ఆడటం లేదు." ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. ఆటలోని అసలు వస్తువును చేతికి అప్పగించిన పనిలో వెతకాలని నా అభిప్రాయం.

ఇందుకు ఒక పాత ఉదాహరణ చెబుతాను. 2013లో లూకస్ పోప్ చేసిన 'పేపర్స్, ప్లీజ్' ఆటలో మనం ఒక కల్పిత దేశపు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగులం. ఎంతమందిని సరిగ్గా తనిఖీ చేస్తే అంత కూలి. ఆ కూలితోనే ఇంటి అద్దె, తిండి, చలికి వేడి. భర్త కాగితాలు సరిగా ఉంటాయి, వెనక వచ్చిన భార్యకు అనుమతి పత్రం ఉండదు. ముద్ర వేయవలసింది మన చెయ్యి. నిరంకుశత్వం మీద ఒక్క ఉపన్యాసం వినకుండానే అది మామూలు గుమాస్తా చేత ఎలా పని చేయించుకుంటుందో మనకు తెలిసిపోతుంది. ఈ గీటురాయి మీద ఇటీవలి ఆటలు నాలుగింటిని గీసి చూద్దాం.

మొదటిది 'హెల్‌డైవర్స్ 2'. స్వీడన్‌కు చెందిన యారోహెడ్ సంస్థ చేసిన ఈ తుపాకుల ఆటను 2024 ఫిబ్రవరిలో సోనీ విడుదల చేసింది. 'సూపర్ ఎర్త్' అనే రాజ్యం ప్రజాస్వామ్యం పేరు చెప్పి గ్రహాల మీదికి సైనికుల్ని పంపుతుంది. చంపిన పురుగుల శరీరాల నుంచి ఇంధనం తీస్తారు. వ్యంగ్యం ఎవరి మీదో విడమరచి చెప్పనక్కరలేదు. మన సైనికుడు చావగానే పేరైనా లేని మరొకడు పై నుంచి దిగుతాడు. ఆటలో అన్నిటికంటే పదునైన వ్యంగ్యం ఇక్కడే ఉంది. అయితే చేతికి దక్కేది మాత్రం కాల్చడంలోని కేరింత. నోరు యుద్ధాన్ని వెక్కిరిస్తుంటే చెయ్యి దాన్ని పండగ చేసుకుంటుంది. ఈ వైరుధ్యాన్ని ఆట చివరిదాకా పరిష్కరించలేదు. కంప్యూటర్ మీద ఆడేవాళ్ళు కూడా తన ఖాతా తెరవాలని 2024 మేలో సోనీ షరతు పెట్టింది. ఆటగాళ్ళు పెద్ద ఎత్తున ప్రతికూల సమీక్షలు రాసి ఆ షరతును రోజుల్లోనే వెనక్కి తీయించారు. ఆటలో మారుమాటాడని సైనికులు ఆట బయట తిరగబడ్డారు.

రెండోది 'స్టిల్ వేక్స్ ది డీప్'. ఇంగ్లండులోని ది చైనీస్ రూమ్ సంస్థ 2024 జూన్‌లో తెచ్చిన భయానక కథ. 1975 డిసెంబరులో, స్కాట్లండ్ తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న చమురు వేదిక మీద జరుగుతుంది. నాయకుడు కాజ్ ఒక ఎలక్ట్రీషియన్. చేతికి ఆయుధమే లేదు. నిచ్చెనలెక్కడం, కవాటాలు తిప్పడం, జారే ఇనుప కమ్మీల్ని పట్టుకుని వేలాడటం, ఇదే పని. కార్మికుడి శ్రమను, భయాన్ని ఇంత దగ్గరగా చూపిన ఆట నేను మరొకటి ఎరగను. 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా వేదిక మీద పేలుళ్ళలో, మంటల్లో 167 మంది చనిపోయారని తెలిసినవాడికి ఆ ఇనుప మెట్లు వట్టి బొమ్మలుగా కనిపించవు. కాని ఇక్కడొక లోపముంది. సముద్ర గర్భం నుంచి వింత శక్తి పైకి వచ్చాక, తవ్వకం ఆపనివ్వని యాజమాన్యం చేసిన నేరం ఆ వింత వెనక మరుగుపడిపోతుంది. కార్మికుల ఐక్యత మాటల్లో వినిపిస్తుంది. చేతికి మాత్రం ఒకే దారి, ఒంటరి పరుగు.

మూడోది 'వెంబా'. కెనడాలోని చిన్న బృందం విసై గేమ్స్ 2023 జులైలో తెచ్చింది. 1980ల చివర కెనడా చేరిన తమిళ దంపతులు, వాళ్ళ కొడుకు కవిన్ ఇందులోని పాత్రలు. తల్లి ఇచ్చిన వంట పుస్తకం చిరిగి, చెరిగి ఉంటుంది. పోయిన మాటల్ని ఊహించి వంట పూర్తి చేయాలి. మొదటి వంట ఇడ్లీ. నలభై ఏళ్ళుగా తింటున్నాను గాని, కింది రేకులోని గుంట మీద పై రేకు చిల్లులు రావాలని నాకు తెలియదు. తప్పుగా పేరిస్తే ఆట ఒప్పుకోలేదు. ఇంట్లో ఆ పని ఎవరిదో, నాది ఎందుకు కాలేదో ఆ క్షణంలో సిగ్గుతో గుర్తొచ్చింది. స్త్రీ శ్రమ మీద నేను చదివిన వ్యాసాలు చేయలేని పని రెండు ఇడ్లీ రేకులు చేశాయి. గంటన్నరలో అయిపోయే ఈ ఆటలో ఉద్యోగం దొరకని వలస బతుకు మాటల్లో వచ్చి పోతుంది. దానికీ చేతి పని కల్పించి ఉంటే బాగుండేది.

నాలుగోది 'బలాట్రో'. కెనడాకు చెందిన ఒకే వ్యక్తి, లోకల్‌థంక్ అనే మారుపేరుతో, 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన పేకాట. ఇందులో పందెం లేదు, పైసా పోదు. యూరప్ రేటింగ్ సంస్థ దీన్ని ఒక దశలో 18 ఏళ్ళ పైవారికే అన్నది. 2025 ఫిబ్రవరిలో దాన్ని 12కి దించింది. ఒక్క చేతితోనే లక్ష్యం దాటితే అంకెల మీద మంటలు లేస్తాయి. ఆ మంటల కోసం నేను రాత్రి రెండు దాకా కూర్చున్నాను.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఒక రమ్మీ యాప్‌లో, తండ్రి పత్తి అమ్మి తెచ్చిన డబ్బంతా పోగొట్టాడు. ఎందుకురా అంటే, "ఇంకొక్క ఆట అనిపించేది సార్" అన్నాడు. ఆనాడు వాడిని తిట్టాను. బలాట్రో ఆడిన రాత్రి ఆ మాట నాకు అర్థమయింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధపు చట్టాలు చేశాయి. ఆ చట్టాలు అవసరమే. అయితే చట్టం డబ్బును పట్టుకోగలదు, 'ఇంకొక్కటి' అనే లాగుడును పట్టుకోలేదు. బలాట్రోలో ఆ లాగుడు నా నిద్రను మాత్రమే తిన్నది. యాప్‌లో అదే లాగుడు ఒక రైతు పంటను తిన్నది. శిల్పం ఒకటే, దాన్ని ఎవరి లాభానికి వాడుతున్నారన్నదే తేడా. ఈ తేడాను పిల్లలకు చూపించగలిగేది విమర్శే.

మా మిత్రుడికి నా జవాబు ఇదే. గోలీలాట మీద సమీక్ష అక్కరలేదు. అక్కడ పిల్లల చేతికి పని కల్పించేది పిల్లలే. ఇక్కడ ఆ పని మరెవరో కల్పిస్తున్నారు. ఎవరు, ఎందుకు అని అడగడం విమర్శకుడి బాధ్యత. ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో వ్యాసరచనకు నేను ఒక అంశం ఇచ్చాను: "నేను ఆడే ఆట నా చేత ఏం చేయిస్తోంది?" ముప్పై ఎనిమిది మందిలో ఖాళీ కాగితం ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.