రాత్రివేళ వచ్చు భీతి - ఒక గ్రంథ విమర్శ

మనుష్యుడు నిద్రనుండి మేల్కొనును. కండ్లు తెరచియే యుండును. గోడ, కిటికీ, దండెముపై వ్రేలాడు బట్టలు అన్నియు స్పష్టముగా కానవచ్చును. కాని చేయి కదలదు, కాలు కదలదు, అరవబోయిన గొంతు పెగలదు. గదిలో మరియెవరో ఉన్నారని గట్టిగా తోచును. అడుగుల చప్పుడు వినిపించును. ఏదో బరువు ఱొమ్ముపై ఎక్కి కూర్చుండి ఊపిరి సలుపనీయదు. కొన్ని క్షణములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములు గడచిన పిమ్మట కట్లు తెగినట్లు శరీరము స్వాధీనమగును. గది ఎప్పటివలెనే ఉండును. అందులో ఎవరును ఉండరు.

ఈ అనుభవమును పొందినవాడు తెల్లవారిన పిదప దానిని నలుగురికి చెప్పినచో రెండు విధములైన సమాధానములు దొరకును. కొందరు దయ్యము గుండెలమీద కూర్చున్నదందురు. చదువుకొన్నవారు ‘అది ఉత్త కల’ అని త్రోసివేయుదురు. మొదటి సమాధానము సరికాదని విజ్ఞానశాస్త్రము చెప్పును. రెండవదియు సరికాదని నిరూపింపబూనుటయే డేవిడ్ హఫర్డ్ వ్రాసిన గ్రంథము యొక్క విశేషము. దాని పేరు ‘ది టెర్రర్ దట్ కమ్స్ ఇన్ ది నైట్’, అనగా ‘రాత్రివేళ వచ్చు భీతి’. దీనిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1982లో ప్రకటించిరి. నలువది సంవత్సరములకు పైబడిన ఈ గ్రంథమును ఇప్పుడు మరల పరీక్షించుటకు కారణమున్నది. సామాన్యుడు తన అనుభవమును గూర్చి చెప్పిన మాటను శాస్త్రజ్ఞుడు ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్నను ఇంత సూటిగా ఎత్తిన పుస్తకములు అరుదు.

హఫర్డ్ జానపద విజ్ఞానము నభ్యసించినవాడు. 1970 దశకారంభమున ఆయన కెనడాకు తూర్పున నున్న న్యూఫౌండ్లండ్ ద్వీపమున పరిశోధన చేసెను. అచటి పల్లెలవారు ఈ అనుభవమును ‘ఓల్డ్ హ్యాగ్’ అని పిలుతురు. ముసలి మంత్రగత్తె వచ్చి నిద్రించువానిపై స్వారి చేయునని వారి భావము. పగవాడు మంత్రబలముతో ఆమెను తమపైకి పంపగలడనియు కొందరు నమ్ముదురు. దీనికి వారు చెప్పు విరుగుళ్లును చిత్రమైనవి. బాధపడువాని పేరును వెనుకనుండి ముందునకు పలుకుట యొకటి. మేకులు దిగగొట్టిన పలకను మేకుల మొనలు పైకుండునట్లు ఱొమ్ముపై పెట్టుకొని పరుండుట మరియొకటి.

ఇట్టి విశ్వాసములను పండితులు సాధారణముగా ఒకే రీతిని వివరించుచు వచ్చిరి. బాల్యమునుండి ముసలిదాని కథలు విన్నవాడు కలలోను ముసలిదానినే చూచును; లేదా, మామూలు కలనే ఆ కథకు అనుగుణముగా మార్చి చెప్పును. అనగా సంప్రదాయము ముందు, అనుభవము వెనుక. హఫర్డ్ దీనికి సంస్కృతిమూల సిద్ధాంతమని పేరిడెను. దీనికి ఎదురుగా అనుభవమూల సిద్ధాంతమును నిలిపెను. అనుభవము ముందు కలుగును; కథ దాని వెంట పుట్టును. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుటకు ఆయన ఎన్నుకొన్న పరీక్ష మిక్కిలి సులువైనది. కథను ఎన్నడును వినని వారికి కూడ ఆ అనుభవము కలుగుచున్నదా?

అచటి విశ్వవిద్యాలయమున 93 మంది విద్యార్థులకు ఆయన ప్రశ్నావళి నిచ్చెను. వారిలో నూటికి 23 మంది తమకు ఆ అనుభవము కలిగినదని వ్రాసిరి. పిదప ఆయన అమెరికాలో, ముసలి మంత్రగత్తె పేరైనను వినని వారిని విచారించెను. వారి వర్ణనలును అట్లే యుండెను. తలుపు తెరచుకొన్న చప్పుడు, అడుగుల సవ్వడి, నల్లని ఆకారము, ఱొమ్ముపై బరువు. న్యూఫౌండ్లండ్ పల్లెవాడును, ఆ సంప్రదాయము తెలియని అమెరికన్ యువకుడును ఒకే విషయమును చెప్పుచున్నప్పుడు దానిని కేవలము కథాప్రభావమని త్రోసివేయుటకు వీలులేదు.

గ్రంథమునందు మెచ్చదగినది ఈ నిర్ణయముకంటె దానిని సాధించిన పద్ధతి. హఫర్డ్ చెప్పువాని మాటలను మధ్యలో త్రుంచడు. దయ్యము, కల, భ్రాంతి అను మాటలను వాని నోట పెట్టడు. చెప్పినవన్నియు చేర్చి వానిలో తప్పక కానవచ్చు నాలుగు లక్షణములను వేరుచేసెను. మెలకువగా నుంటినను భావము, కదలలేకపోవుట, చుట్టునున్న గది ఉన్నదున్నట్లు తోచుట, భయము. వెల్లకిల పరుండియుండుట, ఎవరో ఉన్నారను తోపు, బరువు మొదలైనవి అనుబంధ లక్షణములు. వృక్షశాస్త్రజ్ఞుడు ఆకులను, పూరేకులను లెక్కించినట్లు ఆయన అనుభవములను లెక్కించెను. ఈ శ్రద్ధకు వెనుక మరియొక సంగతి గలదు. 1963లో తాను విద్యార్థిగా నున్నప్పుడు తనకే ఈ అనుభవము కలిగినదని ఆయన తరువాతి కాలమున వెల్లడించెను.

ఈ పద్ధతి విలువ తెలియుటకు పూర్వపు వివరణమొకటి చూచిన చాలును. 1931లో మనోవిశ్లేషణవాది ఎర్నెస్ట్ జోన్స్ ఈ భీతికి అణగద్రొక్కబడిన కామమే మూలమని ఒక గ్రంథమున వాదించెను. ముందు సిద్ధాంతము, పిదప దానికి తగిన సాక్ష్యము అనునది ఆ మార్గము. హఫర్డ్ దానిని తలక్రిందులు చేసెను.

ఆయన వాదమునకు లోకభాషలే సాక్ష్యము పలుకుచున్నవి. లాటినులో ‘ఇంక్యుబస్’ అనగా పైన పరుండువాడు. గ్రీకులో ‘ఎఫియాల్టిస్’ అనగా మీదికి దూకువాడు. ఫ్రెంచివారి ‘కోష్‌మార్’ అను పదములో త్రొక్కుట అను అర్థమిమిడి యున్నది. స్పానిష్ వారి ‘పెసదిల్యా’లో బరువున్నది. చైనావారు దయ్యము ఒత్తుట యందురు. జపానువారు ‘కనాషిబారి’, అనగా లోహముతో కట్టివేసినట్లగుట యందురు. తెలుగువారి ‘పీడకల’ను తీసికొన్నను, ‘పీడ్’ అను సంస్కృత ధాతువునకు ఒత్తుట, నలుపుట యనియే అర్థము. ఇన్ని భాషలవారు ఒకరినొకరు చూచి ఒకే కథ నల్లిరనుటకంటె, ఇందరి ఱొమ్ములపైనను ఒకే విధమైన బరువు తోచినదనుటయే సులభము.

ఆ బరువు ఎచటినుండి వచ్చును? 1928లో ఆంగ్ల నాడీవైద్యుడు కిన్నియర్ విల్సన్ ఈ స్థితికి ఇంగ్లీషులో ‘స్లీప్ పెరాలిసిస్’ అను పేరు పెట్టెను. దాని కారణము తెలియుటకు నిద్రాశాస్త్రము పెరుగవలసి వచ్చినది. 1953లో షికాగోలో ఏసరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు ఘట్టములున్నవని ప్రకటించిరి. ఈ చలనేత్ర నిద్రలోనే స్పష్టమైన కలలు మెండుగా వచ్చును. ఈ ఘట్టమున శరీరపు కండరములు పూర్తిగా సడలిపోవునని 1959లో ఫ్రాన్సులో జూవే పిల్లులపై ప్రయోగములు చేసి చూపెను. మెదడుకాండమునుండి వచ్చు సంకేతములు వెన్నుపాములోని చాలక నాడీకణములను అణచివేయును. కనుగ్రుడ్లను త్రిప్పు కండరములు, ఊపిరికి ఆధారమైన ఉదరవితానము మాత్రము పనిచేయుచుండును. కలలో పరుగెత్తువాడు మంచముపైనుండి లేచి పరుగెత్తకుండుటకు ఇది ప్రకృతి వేసిన గొళ్లెము.

సాధారణముగా మెలకువ, గొళ్లెము తీయుట ఒక్కసారే జరుగును. ఒక్కొక్కప్పుడు తెలివి ముందు వచ్చును. గొళ్లెము ఇంకను పడియుండును. కల యొక్క చిత్రములును పూర్తిగా తొలగవు. అప్పుడు నిజమైన గదిలో కలలోని మనిషి నడచును. నిద్రను నడుమ భంగపరచి, మరల నిద్రింపజేసి ఈ స్థితిని ప్రయోగశాలలోనే కొందరిలో కలిగింపవచ్చునని జపాను పరిశోధకులు 1992లో చూపిరి. కావున బాధితుడు ‘నేను మేలుకొనియే యుంటిని’ అనుట అబద్ధము కాదు. ‘అది ఉత్త కల’ అనువాడే సగము పొరపడుచున్నాడు.

హఫర్డ్ గ్రంథమునందలి లోపమును ఇచటనే ఎత్తిచూపవలెను. ఈ స్థితికి నిద్రాశాస్త్రము చెప్పు కారణమును ఆయన అంగీకరించెను. కాని కదలలేకపోవుటకు కారణము తెలిసినంత మాత్రమున, అందరికిని ఒకే రీతి ఆగంతుకుడు కనబడుటకు కారణము తెలియలేదనెను. 1982లో అది న్యాయమైన ఆక్షేపణయే. అయితే ఆ ఖాళీని ఖాళీగా చూపి ఊరకుండక, అలౌకిక వివరణమునకును తలుపు ఓరగా తెరచియుంచినట్లు వ్రాసెను. బాధితుడు చూచినది చూచినట్లు చెప్పెననుట వేరు. అతడు చూచినది బయట ఉన్నదనుట వేరు. ఈ రెంటి నడుమ గీత గ్రంథమునందు అచ్చటచ్చట చెరిగినది.

తరువాతి పరిశోధన ఆ ఖాళీని కొంత పూరించినది. 1999లో కెనడా మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎలన్ చేన్, ఆయన సహచరులు ఈ అనుభవములను మూడు తెగలుగా విభజించిరి. మొదటిది ఆగంతుకుని ఉనికి. రెండవది ఒత్తిడి, ఊపిరాడమి. మూడవది తేలిపోవుట, ఎగురుట. మొదటిదానికి మెదడులో అపాయమును పసిగట్టు వ్యవస్థ కారణమని వారి ఊహ. కదలలేని ప్రాణి శత్రువును వెదకును. వెదకినది కానరానప్పుడు కల దానిని సమకూర్చును. రెండవదానికి ఊపిరియే కారణము. చలనేత్ర నిద్రలో ప్రక్కటెముకల కండరములు సడలి, శ్వాస తేలికగను క్రమము తప్పియు నుండును. మేల్కొన్నవాడు గట్టిగా ఊపిరి పీల్చబోయిన అది వానికి లొంగదు. ఆ అడ్డు బరువుగా తోచును. మూడవది శరీరపు తూకమును తెలుపు ఇంద్రియ వ్యవస్థకు సంబంధించినది. ఈ వివరణములు ఇంకను పరీక్షకు నిలువవలసినవే. కాని అందరి శరీరనిర్మాణము ఒకటే గనుక అందరి వర్ణన ఒకటిగా నుండుటలో వింత లేదు.

రెండవ లోపము: అనుభవమునకు పట్టము కట్టు తొందరలో హఫర్డ్ సంస్కృతి బలమును తక్కువగా తూచెను. బాలాండ్ జలాల్, డెవన్ హింటన్ 2013లో ఈజిప్టువారిని, డెన్మార్కువారిని పోల్చి చూచిరి. ఈ స్థితికి భూతకారణమును చెప్పు సమాజమున భయమును, స్తంభన నిలుచు కాలమును ఎక్కువగా నున్నవని తేలినది. విత్తు శరీరమునుండియే వచ్చినను, నీరు పోసి పెంచునది నమ్మకము. సంస్కృతి, అనుభవము అను రెంటిలో ఒకదానినే ఎన్నుకొనుమని పాఠకుని నిలదీయుట సరికాదు.

ఇది పండితుల కాలక్షేపపు తగవు కాదు. 1692లో అమెరికాలోని సేలం పట్టణమున మంత్రగత్తెల విచారణ జరిగినప్పుడు, జాన్ లౌడర్ అనునతడు బ్రిడ్జెట్ బిషప్ అను స్త్రీపై సాక్ష్యమిచ్చెను. నడిరేయి మేల్కాంచి చూడగా వెన్నెలలో ఆమెయో, ఆమె రూపమో తన కడుపుపై కూర్చుండి గొంతు పట్టెననియు, తనకు చేతులలో సత్తువ లేకపోయెననియు చెప్పెను. అతడు కల్లలాడెననుటకు కారణము కానరాదు. చెప్పిన ప్రతి లక్షణము హఫర్డ్ పట్టికకు సరిపోవును. ఇట్టి సాక్ష్యములు మరికొన్నియు చేరి, ఆ సంవత్సరము జూన్ 10వ తేదీన ఆమెను ఉరితీసిరి. అనుభవము నిజము; వివరణము అబద్ధము; పోయినది ఒక ప్రాణము. చేతబడి, బాణామతి చేసినారను అనుమానముతో ఇరుగుపొరుగువారిని హింసించిన సంఘటనలు తెలుగునాటను జరిగినవి. గుండెలపై బరువునకు పొరుగింటి ముసలమ్మ కారణము కాదని తెలియజెప్పుట ఇచటను ప్రాణావసరమే.

వేరొక హానియు గలదు. పిచ్చివాడందురేమోయని ఈ అనుభవమును దాచుకొనువారు అనేకులు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనువారు అనేక పరిశోధనలను ఏకము చేసి 36,533 మంది వివరములను పరిశీలించిరి. జీవితమున ఒక్కసారియైనను ఈ స్థితిని ఎరిగినవారు సామాన్యజనులలో నూటికి 7.6 మంది, విద్యార్థులలో 28.3 మంది. వసతిగృహములలో రాత్రులు మేలుకొని చదువువారు గమనింపదగిన సంఖ్య యిది.

తెలుగున వ్రాయువారు సరిదిద్దుకొనవలసినది కూడ ఒకటున్నది. ఈ స్థితిని ‘నిద్రా పక్షవాతము’ అని వ్రాయుట వాడుకలోనికి వచ్చినది. పక్షమనగా ప్రక్క, శరీరములో ఒక ప్రక్క పడిపోవు రోగమే పక్షవాతము. ఇచట పడిపోవునది ఒక ప్రక్క కాదు. పైగా అది రోగమును కాదు, రక్తనాళము చిట్లుటయు కాదు. ఆ పేరు వినిన రోగికి లేని భయము మరియొకటి తోడగును. ‘నిద్రాస్తంభన’ అనుట అర్థమునకు దగ్గరగను, వినువానికి నిబ్బరముగను ఉండును. అనుభవమునకు తగిన పేరు పెట్టుట చికిత్సలో మొదటి మెట్టని హఫర్డ్ గ్రంథము పరోక్షముగా బోధించుచున్నది.

మిగిలిన చికిత్సయు కొంచెమే. వేళకు నిద్రించుట, నిద్ర చాలినంత పోవుట, వెల్లకిల గాక ప్రక్కకు తిరిగి పరుండుట చాలమందికి మేలు చేయును. స్తంభన వచ్చినప్పుడు పెనుగులాడక, అది తనంతట తొలగునని గుర్తుంచుకొని, ఒక వ్రేలిని కదల్ప ప్రయత్నించుట మంచిది. తరచుగా వచ్చుచు, పగటివేళ ఆపుకొనరాని నిద్రయు తోడైనచో వైద్యునకు చూపవలెను; అది నార్కోలెప్సీ అను వ్యాధి లక్షణము కావచ్చును.

లోపములున్నను హఫర్డ్ గ్రంథము చదువదగినది. నమ్మకములను ఖండింపబూనినవారు మరింతగా చదువవలెను. పల్లెలో ఒక వృద్ధురాలు ‘రాత్రి నా గుండెలమీద ఏదో కూర్చున్నది’ అన్నప్పుడు నవ్వువాడు ఆమెను దయ్యము చేతికే అప్పగించినవాడగును. ‘అవునమ్మా, బరువు తోచినమాట నిజమే, అది ఎందుకు తోచినదో చెప్పెదను, విను’ అనువాని మాటయే ఆమె చెవికెక్కును.