ప్రతినాయకుడికే పెద్ద దరువు

మిర్యాలగూడకు దగ్గర్లో, కృష్ణా మూసీ కలిసేచోట వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. గర్భగుడిలో రెండు దీపాలు. స్వామి ముక్కు ఎత్తులో ఉన్న దీపం రెపరెపలాడుతుంది, కిందిది కదలదు. పై దీపాన్ని ఆడించేది స్వామి ఊపిరేనని భక్తుల నమ్మకం. సూర్యాపేట జిల్లాలో అదే కృష్ణ ఒడ్డున మట్టపల్లి, కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తే వేదాద్రి. కేతవరం, మంగళగిరి కూడా కలిపి వీటిని పంచనారసింహ క్షేత్రాలంటారు. ఈ నేల మీద ప్రహ్లాదుడి కథ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆ కథను ఆటగా కట్టినప్పుడు జనం కళ్లు అతుక్కుపోయేది దేవుడి మీద కాదు, భక్తుడి మీదా కాదు. హిరణ్యకశిపుడి మీద.

అది అనుకోకుండా జరిగేది కాదు. భాగవతుల ఆటలోనూ, తెలంగాణ చిందు యక్షగానంలోనూ పాత్ర ప్రవేశమంటే పెద్ద తతంగం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. వేషధారి తెర వెనకే ఉండి, తానెవరో, తన ప్రతాపమేమిటో దరువులో చెప్పుకుంటాడు. మద్దెల జోరందుకుంటుంది. రాక్షస పాత్రయితే కాగడా మీద గుగ్గిలం పొడి చల్లుతారు, మంట భగ్గున లేస్తుంది. కిరీటం, భుజకీర్తులు తేలికైన పొణికి కర్రతో చెక్కి అద్దాల ముక్కలు అతికించినవి. ఆ మంట వెలుగు వాటి మీద పడి చెదిరిపోతుంది. ముందు గజ్జెల చప్పుడు, ఆ తర్వాతే మనిషి. తెర తీసేసరికి వాడి బలమెంతో చివరి వరసలో కూర్చున్న ముసలవ్వకు కూడా తెలిసిపోతుంది.

వాడికి ఎదురు నిలవబోయేది ఓ పసివాడు. చేతిలో కత్తి లేదు, వెనక సైన్యం లేదు. ప్రతినాయకుణ్ని అంత ఎత్తున నిలబెట్టేది ఆ పిల్లాడి ధైర్యం ఎంతటిదో కంటికి కనబడాలనే.

ఫ్యాంటసీ వీడియో గేములు ఆడే కుర్రకారు మనసుకు ఈ కథలో బాగా పట్టేది వరం. ఆఖరి అంచెలో ఎదురయ్యే శత్రువు ఏ దెబ్బకు లొంగుతాడో, ఏ దెబ్బకు లొంగడో గేము ముందే కట్టడి చేసి పెడుతుంది. ఆటగాడు ఆ కట్టడిలోనే దారి వెతుక్కోవాలి. హిరణ్యకశిపుడు బ్రహ్మను అడిగినదీ అలాంటి కట్టడే. పగలు చావు రాకూడదు, రాత్రి రాకూడదు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, నింగిలో వద్దు. మనిషి వల్ల, మృగం వల్ల, ఆయుధం వల్ల వద్దు. నరసింహుడు వీటిలో ఒక్కదాన్నీ మీరలేదు. సందెవేళ వచ్చాడు, గడప మీద కూర్చున్నాడు, తొడ మీద పడుకోబెట్టుకున్నాడు, గోళ్లతో చీల్చాడు. సగం మనిషి, సగం సింహం. బ్రహ్మ ఇచ్చిన మాట పోలేదు, రాక్షసుడూ మిగల్లేదు. కథ అల్లికలో ఇంతకన్నా బిగువైన ముడి దొరకడం కష్టం.

ఇక వెనక కథ. బమ్మెర పోతన తెనిగించిన భాగవతం ప్రకారం హిరణ్యాక్ష హిరణ్యకశిపులు వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులే. సనకసనందనాదుల శాపం తగిలి, మూడు జన్మలు స్వామికి పగవాళ్లుగా పుట్టారు. తర్వాత రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వాళ్లే. పగ కూడా జన్మలెత్తుతుందన్న ఊహ నేటి గేముల్లోనూ ఉంది. 1986లో నింటెండో మొదలుపెట్టిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' వరసలో 2011 నాటి 'స్కైవర్డ్ స్వోర్డ్' చివర, ఓడిన అసురరాజు తన ద్వేషం యుగయుగాలా మళ్లీ పుడుతుందని శపిస్తాడు. కాకపోతే అక్కడ శత్రువు చీకటి నుంచి వస్తాడు. మన దగ్గర వచ్చింది వైకుంఠం వాకిట్లోంచి. ఈ ఒక్క తేడాతో హిరణ్యకశిపుణ్ని ఉత్త దుర్మార్గుడని కొట్టిపారేయడానికి మనసొప్పదు. పైగా వరాహావతారంలో విష్ణువు చంపింది అతని సొంత తమ్ముణ్ని.

తెలుగు సినిమా మాట నేర్చింది కూడా ఈ కథతోనే. హెచ్.ఎం. రెడ్డి తీసిన 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి ప్రహ్లాదుడి తల్లి లీలావతి. 1967లో ఏవీఎం వాళ్లు మళ్లీ తీస్తే ఆ వేషం ఎస్.వి. రంగారావుది, ప్రహ్లాదుడిగా చిన్నారి రోజారమణి. 'పాతాళభైరవి'లో మాంత్రికుడిగా, 'నర్తనశాల'లో కీచకుడిగా భయపెట్టిన మనిషి, ఇక్కడ కొడుకును ముద్దు చేస్తూనే మండిపడే తండ్రిగా కనిపిస్తాడు. ఈ పాత్రకు కొలత అదే. గర్జించడం గొంతున్న ఎవరికైనా వస్తుంది. కొడుకును ఏనుగుల కిందికి తోయమన్నాక ఒక్క క్షణం తండ్రి కళ్లతో చూడగలవాడే అసలైన హిరణ్యకశిపుడు. 2025లో యానిమేషన్‌గా వచ్చిన 'మహావతార్ నరసింహ'ను తెలుగునాట పిల్లాజెల్లాతో సహా చూశారు.

తంజావూరు దగ్గరి మెలట్టూరులో నరసింహ జయంతి ఉత్సవాల్లో మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన 'ప్రహ్లాద చరిత్రము' ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు. అక్కడ నరసింహుడి ముఖ తొడుగుకు పూజలు జరుగుతాయి. ఆ వేషం కట్టేవాడు ఉపవాసముంటాడు. ఉగ్రం పెరిగితే పక్కవాళ్లు పట్టి ఆపాల్సి వస్తుంది. తెలంగాణలో చిందు యక్షగానానికి 2024లో గడ్డం సమ్మయ్య పద్మశ్రీ అందుకున్నారు. ఆ గౌరవం ఆలస్యంగానైనా ఆట ఉన్న గడపకే చేరింది. వేదికల మీద గంటకో, రెండు గంటలకో కుదించిన ప్రదర్శనల్లో మొదట కోత పడేది ఈ ప్రవేశ దరువులకే. ఆ కోత ఆటకు పెద్ద నష్టం. దరువు పోతే ప్రతినాయకుడు పొట్టివాడవుతాడు, ఎదురు నిలిచిన పిల్లాడి ధైర్యమూ పలచబడుతుంది.

వీరుడెవరు, విలనెవరు అన్న వాదన ప్రహ్లాదుడితో తెగలేదు. అతని కొడుకు విరోచనుడు, మనవడు బలి. ఈసారి అసురుడు దాత, దేవుడు పొట్టి వటువై మూడడుగుల నేలకు చెయ్యి చాచిన యాచకుడు. గురువు శుక్రాచార్యుడు వద్దని వారించినా బలి ఇచ్చిన మాట తప్పలేదు, మూడో అడుగుకు తల వంచాడు. కేరళలో ఓణం నాడు పూల ముగ్గులు వేసి ఆహ్వానించేది ఈ బలినే. అతనికి కాగడా మీద గుగ్గిలం చల్లాలా వద్దా అన్నది, ఆట కట్టే ప్రతి మేళమూ తేల్చుకోవలసిన ప్రశ్న.