వెనక్కి తీసుకెళ్లే బండి తాండాకు ఎప్పుడొస్తుంది?

బాన్సువాడ చుట్టుపక్కల తాండాల్లో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబం ముందుగా పాత ఇల్లు విప్పుతుంది. దూలాలు, తలుపులు, కిటికీలు ఒక పక్కన పేర్చుకుంటుంది. పెంకులు పశువుల కొట్టానికి పనికొస్తాయి. ఇనుము పాత సామాన్ల బండికి పోతుంది. మట్టిగోడ మట్టిలో కలుస్తుంది. చివరికి ఎవరికీ అక్కర్లేక మిగిలేవి పగిలిన సిమెంటు రేకులే. అవి వాగు ఒడ్డుకో, ఊరి చివరి గుంతలోకో చేరతాయి. ఆ రేకు ముక్కల దగ్గర నిలబడి ‘హరిత భవనం’ అనే మాటను పరిశీలించాలని మేము అనుకుంటున్నాం.

హరిత భవనం మనకు దూరపు సంగతి కాదు. అమెరికా బయట లీడ్ ప్లాటినం ధృవపత్రం పొందిన తొలి భవనం హైదరాబాద్‌లోనే ఉంది. అది 2004లో ప్రారంభమైన సీఐఐ సొహ్రాబ్‌జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. నగరంలో లేచే పెద్ద భవనాలకు సెంట్రింగ్ కొట్టేవాళ్లలో, ఇటుకలు మోసేవాళ్లలో మన తాండాలవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ ధృవపత్రం దేనికి మార్కులు వేస్తుందో అడిగే హక్కు మనకుంది.

2013లో వచ్చిన లీడ్ నాలుగో వెర్షన్‌లో ఒక లెక్క ఉంది. వాడకం ముగిశాక తన సరుకును వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉన్న కంపెనీ దగ్గర కొంటే, ఆ సరుకు ఖరీదులో సగాన్ని మంచి సరుకు కింద లెక్కిస్తారు. ఈ ఆలోచనలో న్యాయం ఉంది. తాను అమ్మిందే రేపు తన గుమ్మం ముందుకొస్తుందని తెలిస్తే, విప్పడానికి, మళ్లీ వాడడానికి వీలయ్యేలా తయారు చేయాలన్న బుద్ధి కంపెనీకి పుడుతుంది. అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ 1999 నుంచి పాత సీలింగ్ పలకలను తీసుకుని కొత్త పలకల తయారీలో కలుపుతోంది. అంటే ఇది కాని పని కాదు.

మా విమర్శ వేరే చోట ఉంది. మార్కు కొన్న రోజే వస్తుంది. సరుకు వెనక్కి పోవాల్సింది ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత. అప్పటికి భవనం చేతులు మారవచ్చు, కంపెనీయే ఉండకపోవచ్చు. సరుకు నిజంగా వెనక్కి పోయిందా అని ఆ పాత మార్కు మళ్లీ అడగదు. పైగా షరతులుంటాయి. పలకలు తడవకూడదు, వేరే చెత్త కలవకూడదు, వరసగా పేర్చి ఇవ్వాలి. పెద్ద ఆఫీసుకు అది సాధ్యం. నాలుగు గదుల ఇంటివాళ్ల దగ్గరికి ఏ లారీ వస్తుంది?

అదే లెక్కలో ఇంకో వరస చూడండి. పాత ఇంటి నుంచి తీసి మళ్లీ వాడిన సామానుకు పూర్తి విలువ ఇస్తారు. అంటే వాళ్ల కొలత ప్రకారమే, తాత వేసిన దూలాన్ని మనవడు కొత్త ఇంట్లో వాడితే, అది కంపెనీ ఇచ్చే మాటకు రెట్టింపు. లదేణి కాలం నుంచి ఎడ్ల మీద సరుకు మోసిన మన జాతికి ఏది మోయాలో, ఏది దాచాలో తెలుసు. కానీ ఆ తెలివి మార్కుగా మారాలంటే బిల్లు కావాలి, ఫీజు కావాలి, కాగితాలు రాసే కన్సల్టెంటు కావాలి. చేసే పని తాండాది, పేరు ధృవపత్రం ఉన్న భవనానిది.

ఇక రేకుల సంగతి. పాత సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. దాని రకాలన్నీ క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకును కోసినా, పగలగొట్టినా కంటికి కనిపించని నార ఊపిరిలోకి పోతుంది. జబ్బు బయటపడేది దశాబ్దాల తర్వాత. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను నలభై ఏళ్లు దాచాలని చెప్పింది. అంత కాలం వెంటాడే సరుకును అమ్మినవాళ్లు పాత రేకును ఎందుకు తీసుకెళ్లరు? వెనక్కి తీసుకోవడం అనే నియమం అన్నిటికంటే ముందు రావాల్సింది ఇక్కడికే.

ప్రభుత్వం 2025లో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలకు కొత్త నియమాలు తెచ్చింది. వాటిలో ఉత్పత్తిదారు బాధ్యత అనే మాట ఉంది. కానీ ఆ బాధ్యత 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకే. ఇందిరమ్మ ఇంటి కనీస కొలత 400 చదరపు అడుగులు, అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. అలాంటివి 540 ఇళ్లు ఒకే ప్రాజెక్టు అయితే గానీ ఆ గీత దాటవు. మన ఇళ్లు ఒక్కొక్కటిగా లేస్తాయి, ఒక్కొక్కటిగా కూలుతాయి. అందుకే ఏ లెక్కలోకీ రావు.

కనుక మేము అడిగేది ఇది. కొన్న సరుకుకు కాదు, తిరిగి వెళ్లిన సరుకుకు మార్కు వేయండి. రేకులు అమ్మే కంపెనీ మండలానికొక చోట పాత రేకులు దించుకోవాలి, బండి కిరాయి తానే భరించాలి. ఇల్లు మంజూరు చేసే కాగితంలోనే పాత రేకులు ఎక్కడికి చేర్చాలో రాయాలి.

2018 చట్టంతో మన తాండాలు ఎన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. తీర్మానం చేసే బలం మన చేతిలో ఉంది. ఉపాధ్యాయులు పిల్లల చేత తాండాలో ఏ ఇంటిమీద ఎన్ని రేకులున్నాయో దూరం నుంచే లెక్క రాయించవచ్చు. ఆ లెక్కను గ్రామసభలో చదవాలి. యువకులు రేకులు దించే రోజు వాటిని నీళ్లతో తడపాలి, పగలకుండా దించాలి, మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. విరిగిన ముక్కలతో దారి గుంతలు పూడ్చడం మానాలి.

బండి వచ్చేదాకా చేయాల్సిన జాగ్రత్త ఇది. అంతమాత్రాన బండి పంపాల్సిన వాళ్ల బాధ్యత తీరదు.